పాసేజీ కింద ఐదు ప్రశ్నలు: పెద్ద వయసు డిగ్రీ విద్యార్థులు, ఇంగ్లీషు చదువు

డిగ్రీ ఇంగ్లీషు పేపర్లో ఒక పాసేజీ ఇస్తారు. దాని కింద నాలుగో ఐదో ప్రశ్నలుంటాయి. పాసేజీ చదివి జవాబులు రాయాలి. దీన్నే కాంప్రహెన్షన్ అంటారు. మార్కులు తేలిగ్గా వచ్చే ప్రశ్న ఇదేనని గైడ్లు చెప్తాయి. అసలు చదవకుండానే జవాబు రాసే చిట్కాలు కూడా ట్యూషన్లలో దొరుకుతాయి. మన చర్చల్లో మాత్రం దీని ఊసు రాదు. ఇంగ్లీషు మీడియమా, తెలుగు మీడియమా అని ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. కానీ ఆ వాదనంతా పిల్లల చుట్టూనే తిరుగుతుంది. ముప్పై అయిదేళ్ల వయసులో అటెండరు పని చేసుకుంటూనో, అంగన్‌వాడీ నడుపుకుంటూనో, కూలికి పోతూనో డిగ్రీ కట్టిన మనిషికి ఇంగ్లీషు చదవటం ఎట్లా నేర్పాలన్నది మనకి ఒక ప్రశ్నగా తోచలేదు.

ఈ వ్యాసం ఆ ప్రశ్న గురించే. దళితులకి ఇంగ్లీషు నుంచి అన్నిటికన్నా ముందు కావలసింది చదివి అర్థం చేసుకునే శక్తి. యాస, దర్జా ఆ తర్వాతి మాట. కాంప్రహెన్షన్ అనే అభ్యాసం పుట్టిందే ఆ శక్తి కోసం. అదే ఇవాళ ఆ శక్తి ఇవ్వకుండా మార్కులు మాత్రమే ఇచ్చే పద్ధతిగా మిగిలింది. ఇది ఎట్లా జరిగిందో చరిత్రలో వెతకాలి.

వడపోత చదువు

1835లో మెకాలే మినిట్ రాశాడు. అదే ఏడాది బెంటింక్ ప్రభుత్వం ఇంగ్లీషు చదువుకి డబ్బు కేటాయిస్తూ తీర్మానం చేసింది. 1837లో కోర్టుల్లో ఫార్సీ స్థానం పోయింది. 1844లో హార్డింజ్ తీర్మానంతో సర్కారు కొలువుల్లో ఇంగ్లీషు చదివినోళ్లకి ముందు వరస దొరికింది. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసు యూనివర్సిటీలు వచ్చాయి. ఈ క్రమంలో ఇంగ్లీషు చదవటం అంటే కచేరీలో కుర్చీ సంపాదించటం అయింది.

మెకాలే దాచిపెట్టిందేమీ లేదు. జనమంతటికీ చదువు చెప్పే స్తోమత తమకి లేదనీ, పాలకులకీ జనానికీ మధ్య నిలబడే ఒక వర్గాన్ని తయారుచేస్తే చాలనీ రాశాడు. పైవాళ్లకి చెప్తే చదువు మెల్లగా కిందికి దిగుతుందన్న ఈ ఆలోచనకే వడపోత సిద్ధాంతమని పేరు. ఊరి బావిలో నీళ్లే తోడుకోనివ్వని సమాజంలో చదువు మాత్రం దానంతటదే వాడలోకి దిగుతుందనుకోవటం ఎంత బూటకమో వేరే చెప్పక్కర్లేదు. అగ్రహారం పిల్లలు వేదం వల్లించిన పద్ధతిలోనే షేక్‌స్పియర్‌ని వల్లించారు, ఉద్యోగాలు తీసుకున్నారు.

ఈ కుట్రని ముందే పట్టుకున్నవాడు జోతిరావ్ ఫూలే. 1882లో హంటర్ కమిషన్‌కి ఆయన ఒక విజ్ఞాపన ఇచ్చాడు. రైతుకూలీల నుంచి పన్నులు వసూలు చేసి, ఆ డబ్బుతో పైకులాల పిల్లలకి ఉన్నత విద్య చెప్తున్నారని అందులో నిలదీశాడు. పన్నెండేళ్ల వయసు దాకా ప్రాథమిక విద్య తప్పనిసరి చేయమన్నాడు. ఆ నిలదీత రాసింది ఇంగ్లీషులోనే. అంతకు ముందే, 1854లో, సావిత్రిబాయి తన కవితల్లో ఇంగ్లీషు నేర్చుకోమని శూద్ర, అతిశూద్ర జనానికి పిలుపునిచ్చింది. సర్కారుతోనూ పైకులాలతోనూ వాదించటానికి పనికొచ్చే భాషగా ఇంగ్లీషుని ఫూలే దంపతులు చూశారు.

మధ్యలో మానేసినోళ్ల లెక్క

చదవటాన్ని ప్రత్యేకంగా నేర్పాలన్న వాదన మన ఉపఖండంలోనే గట్టిగా వచ్చింది. ఢాకా టీచర్స్ ట్రైనింగ్ కాలేజీ ప్రిన్సిపాల్‌గా పనిచేసిన మైకేల్ వెస్ట్ 1926లో బెంగాల్ అనుభవం మీద 'బైలింగ్వలిజం' అనే పుస్తకం రాశాడు. ఆయన కూడా వలస ప్రభుత్వ ఉద్యోగే. కానీ అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న ఒకటి అడిగాడు. బడిలో చేరిన పిల్లల్లో ఎక్కువమంది మధ్యలోనే మానేస్తున్నారు గదా, మానేసిన రోజున వాళ్ల చేతిలో మిగిలేదేమిటి?

దీనికి ఆయన 'సరెండర్ వాల్యూ' అని పేరు పెట్టాడు. ఎల్‌ఐసీ పాలసీ కట్టేవాళ్లకి ఈ మాట తెలుసు. పాలసీ మధ్యలో ఆపేస్తే ఎంతో కొంత చేతికొస్తుంది, అదే సరెండర్ వాల్యూ. ఇంగ్లీషు చదువు కూడా అట్లాగే ఉండాలని వెస్ట్ వాదన. మూడేళ్లు వ్యాకరణ సూత్రాలు బట్టీ పట్టి మానేసినోడికి చేతికొచ్చేది సున్నా. అదే మూడేళ్లు చదవటం నేర్చుకుంటే, బడి మానేసినా తనంతట తను చదువుకోగలడు. అందుకే కొద్దిపాటి మాటలతో, కొత్త మాట వచ్చినప్పుడల్లా దాన్ని మళ్లీ మళ్లీ వాడుతూ ఆయన రీడర్లు తయారుచేశాడు.

వెస్ట్ పుస్తకంలో కులం చర్చ లేదు. కానీ మధ్యలో మానేసే పిల్లలు ఎక్కువ ఏ వాడలోళ్లో మనకి తెలుసు. మధ్యలో మానేసినోళ్ల వైపు నుంచి చదువుని లెక్కగట్టటమనే పద్ధతిని మనం తీసుకోవచ్చు. మనోళ్ల చదువులన్నీ దాదాపు మధ్యలో ఆగినవే. పదో తరగతి తప్పి ఆగినోళ్లు, పెళ్లయి ఆగినోళ్లు, తండ్రి పోయి ఆగినోళ్లు పదిహేనేళ్ల తర్వాత మళ్లీ పుస్తకం పడితే వాళ్లనే పెద్ద వయసు విద్యార్థులంటున్నాం.

రెండు భాషల అంబేడ్కర్

అంబేడ్కర్ రెండు భాషల్లో పనిచేశాడు. 1920లో 'మూక్‌నాయక్', 1927లో 'బహిష్కృత్ భారత్', 1930లో 'జనతా' వచ్చాయి. ఈ పత్రికలు మరాఠీవి, తన జనంతో మాట్లాడినవి. సైమన్ కమిషన్‌తో, రౌండ్ టేబుల్ సమావేశంలో, రాజ్యాంగ సభలో మాట్లాడింది ఇంగ్లీషులో. 1936లో లాహోర్ జాత్-పాత్-తోడక్ మండల్ సభ కోసం రాసిన 'కుల నిర్మూలన' ఉపన్యాసం కూడా ఇంగ్లీషే. సభ రద్దయితే సొంత ఖర్చుతో అచ్చేశాడు. జనాన్ని కూడగట్టింది మరాఠీలో, రాజ్యాన్ని నిలదీసింది ఇంగ్లీషులో. ఇంగ్లీషు కోసం మరాఠీని వదల్లేదు, మరాఠీ చాలనీ అనలేదు.

1945లో ఆయన పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించాడు. 1946లో ఆ సొసైటీ బొంబాయిలో సిద్ధార్థ కాలేజీ తెరిచింది. పగలు ఉద్యోగం చేసుకునేవాళ్లు కూడా చదువుకునేటట్టు పొద్దున పూట తరగతులు పెట్టారు. పనిచేసుకునే మనిషి వేళకి కాలేజీ వేళ మార్చటం మన విద్యా చరిత్రలో చిన్న విషయం కాదు.

మన దగ్గర ఆ పని పెద్దఎత్తున జరిగింది 1982లో. ఆ ఏడాది హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం మొదలైంది. దేశంలో ఇదే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ లేకపోయినా అర్హత పరీక్ష రాసి డిగ్రీలో చేరే దారి తెరిచింది. 1991లో దానికి అంబేడ్కర్ పేరు పెట్టారు. పొలం పనోళ్లు, కానిస్టేబుళ్లు, ఇల్లు చూసుకునే ఆడవాళ్లు డిగ్రీ చేతికి తీసుకున్నారు. ఈ విజయాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లు ఎక్కువగా తాతల నాటి నుంచి పట్టాలున్న ఇళ్లవాళ్లే.

అయితే తలుపు తెరవటం ఒక పని, లోపల చదువు చెప్పటం ఇంకో పని. 1964-66 కొఠారీ కమిషన్ ఇంగ్లీషుని 'లైబ్రరీ భాష' అంది. మాతృభాషలో చదివినా పుస్తకాలు, పత్రాలు చదివేందుకు ఇంగ్లీషు రావాలని దాని ఉద్దేశం. 1968లో తెలుగు అకాడమీ వచ్చాక డిగ్రీ పుస్తకాలు తెలుగులో వచ్చాయి, అది మంచి పనే. కానీ తెలుగు మీడియం విద్యార్థికి ఇంగ్లీషు పేపరు లైబ్రరీకి తాళం చెవి కాలేదు, గట్టెక్కాల్సిన గండంగా మిగిలింది.

చదవకుండా జవాబు రాయటం

గండం గట్టెక్కించే చిట్కా ఇట్లా ఉంటుంది. అర్థం లేని మాటలతో ఒక వాక్యం అనుకుందాం: 'ది గ్లోమ్ టార్క్‌డ్ బికాజ్ ఇట్ వాజ్ ప్లిమ్.' ప్రశ్న: 'వై డిడ్ ది గ్లోమ్ టార్క్?' జవాబు: 'బికాజ్ ఇట్ వాజ్ ప్లిమ్.' గ్లోమ్ అంటే ఏమిటో రాసినోడికీ తెలియదు, దిద్దినోడికీ తెలియదు. మార్కులు మాత్రం పూర్తిగా పడతాయి. ప్రశ్నలో ఉన్న మాటని పాసేజీలో వెతుక్కుని ఆ వాక్యం ఎత్తి రాయటమే చిట్కా అంతా.

ఇది ఏ ఒక్క సంస్థకో అంటిన జబ్బు కాదు. వేల పేపర్లు గబగబా దిద్దాలంటే, పాసు శాతం పడిపోకుండా చూడాలంటే ఇట్లాంటి ప్రశ్నలే సుఖం. దీని వెనక ఇంకో నమ్మకం కూడా ఉంది. వీళ్లకి ఇంతకన్నా రాదులే అన్న నమ్మకం. భూమి పాసుపుస్తకం, రేషన్ కార్డు, చిట్టీ లెక్క అన్నీ చూసుకునే మనిషికి కుందేలూ తాబేలూ కథ ఇచ్చి, ఎవరు గెలిచారని అడుగుతారు. జాలి రూపంలో వచ్చే ఈ చిన్నచూపు కూడా కులం నుంచే పుడుతుంది.

ఇంకో అన్యాయం ఉంది. పాసేజీ అర్థమైనా ఇంగ్లీషులో జవాబు కూర్చలేక మార్కులు పోగొట్టుకునేవాళ్లున్నారు. అర్థం కాకపోయినా ఎత్తి రాసి మార్కులు తెచ్చుకునేవాళ్లున్నారు. చదివే శక్తి వేరు, రాసే శక్తి వేరు. చదివింది అర్థమైందో లేదో చూడాలంటే జవాబు తెలుగులో రాయనివ్వాలి. అప్పుడు ఎత్తి రాయటం కుదరదు. అర్థమైనోడికి దాచుకోవాల్సిన సిగ్గూ ఉండదు.

ఒక మాట తేడాలో ఒక కేసు

ఇదంతా మార్కుల గొడవేనా? కాదు. 1989 ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం తీసుకోండి. దళితుణ్ణి కావాలని అవమానించటం నేరం కావాలంటే అది 'ప్లేస్ విదిన్ పబ్లిక్ వ్యూ'లో జరగాలని చట్టం అంటుంది. 'పబ్లిక్ ప్లేస్' అనలేదు. తెలుగులో రెంటినీ 'బహిరంగంగా' అనేస్తే తేడా పోతుంది. 2008లో స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ తేడా మీదే నిలబడింది. సొంత ఇంటి గేటు దగ్గర తిట్టినా, అది నలుగురికి కనపడే చోటు గనక చట్టం వర్తిస్తుందని చెప్పింది. 2020లో హితేశ్ వర్మ కేసులో నాలుగు గోడల మధ్య, బయటివాళ్లెవరూ లేనప్పుడు జరిగిందానికి ఈ సెక్షన్ వర్తించదంది. అంటే ఫిర్యాదు రాసేటప్పుడు ఎక్కడ తిట్టారు, ఎవరు చూస్తుండగా తిట్టారు అన్న రెండు ముక్కలు లేకపోతే కేసు అక్కడే బలహీనపడుతుంది. ఫిర్యాదు రాసిపెట్టేది మన వాడలో డిగ్రీ చదివిన మనిషే గదా!

అట్లాగే 1995 నిబంధనల్లో ఏడోది. దర్యాప్తు చేసే అధికారి డీఎస్పీ హోదాకి 'నాట్ బిలో' ఉండాలి, అంటే అంతకు తగ్గకూడదు. ఎస్సై దర్యాప్తు చేశాడన్న కారణంతో కోర్టుల్లో వీగిపోయిన కేసులున్నాయి. ఆ చిన్న మాట మొదటి వారంలోనే చదివి అర్థం చేసుకున్న మనిషి పక్కనుంటే, ఆ రోజే అభ్యంతరం పెట్టించొచ్చు. 'షల్' అంటే చేసి తీరాలి, 'మే' అంటే చేయొచ్చు. అధికారి తప్పించుకునేదీ, మనం పట్టుకోవాల్సిందీ ఈ రెంటి మధ్యనే.

1991 ఆగస్టు 6న చుండూరులో దళితుల్ని చంపారు. ఆ ఊళ్లోనే పెట్టిన ప్రత్యేక కోర్టు 2007లో శిక్షలు వేసింది. 2014లో హైకోర్టు వాటిని కొట్టేసింది. రాజ్యాంగం 348వ అధికరణం ప్రకారం హైకోర్టు భాష ఇంగ్లీషు. ఎవరి రక్తం గురించి ఆ తీర్పు రాశారో ఆ వాడకి దాన్ని ఇంకెవరో చదివి చెప్పాలి. చదివి చెప్పేవాడు తగ్గించి చెప్పినా, తప్పు చెప్పినా తేల్చుకునే దారి మనకుండాలా వద్దా?

ఏం చదివించాలి, ఎట్లా చదివించాలి

కొందరు మిత్రులు స్పోకెన్ ఇంగ్లీషే ఉద్యోగం ఇస్తుందంటారు. ఇస్తే మంచిదే. కానీ ముప్పై రోజుల కోర్సులో నేర్చిన పలకరింపులు మెమో చదవటానికి పనికిరావు. ఇంకొందరు ఇంగ్లీషు వలస భాష, తెలుగే చాలంటారు. కోర్టులూ, సచివాలయం, యూనివర్సిటీ పూర్తిగా తెలుగులోకి వచ్చే రోజు కోసం పోరాడదాం. ఆ రోజు వచ్చేదాకా మనోళ్లని చదవలేని స్థితిలో ఉంచటం ఎవరికి లాభమో ఆలోచించాలి.

ఇంగ్లీషు చెప్పే ఉపాధ్యాయులు, స్టడీ సర్కిళ్లు నడిపే కార్యకర్తలు ఈ పని రేపే మొదలుపెట్టొచ్చు. కథల బదులు చట్టంలో ఒక పేరా, ఒక ఛార్జి మెమో, ఒక స్కాలర్‌షిప్ ఉత్తర్వు, అంబేడ్కర్ రచనల్లో ఒక పేజీ పెట్టుకోవాలి. మహారాష్ట్ర ప్రభుత్వం 1979 నుంచి సంపుటాలుగా వేసిన ఆ రచనలు చాలావరకు ఇంగ్లీషులోనే ఉన్నాయి. మొదటిసారి చదివినప్పుడు ఎవరు, ఎవరికి, ఏం చేయాలో వెతకాలి. తెలుగులో క్రియ వాక్యం చివర ఉంటుంది, ఇంగ్లీషులో కర్త వెనకే వస్తుంది. చట్టం వాక్యంలో ఆ రెంటి మధ్య నాలుగు లైన్ల షరతులు దూరుస్తారు. ముందు కర్తనీ క్రియనీ పట్టుకుంటే వాక్యం సగం లొంగుతుంది. రెండోసారి 'అన్‌లెస్', 'ప్రొవైడెడ్ దట్', 'షల్', 'మే' లాంటి మాటల కింద గీత గీయాలి. మూడోసారి ఎత్తి రాయటానికి వీల్లేని ప్రశ్న వేయాలి. ఈ పేరా ప్రకారం ఎస్సై ఏ పని చేయకూడదు? మన ఊళ్లో జరిగినదానికి ఇది వర్తిస్తుందా, ఎందుకు? జవాబులు తెలుగులో చర్చించాలి.

ఆదివారం రెండు గంటలు, పదిమంది, ఒక పేరా చాలు. ఏడాది తిరిగేసరికి ఆ పదిమందిలో కొందరికి పరీక్ష తప్పొచ్చు, కొందరు ఇంటి బాధలతో మళ్లీ మానేయొచ్చు. అయినా ఫిర్యాదు రాసే రోజున ఎక్కడ, ఎవరు చూస్తుండగా అన్న రెండు ముక్కలూ అందులో ఉండాలని వాళ్లకి తెలిసే ఉంటుంది.