ఎమర్జింగ్ ప్లేయర్ అవార్డు: ఒక్కసారే దక్కే గుర్తింపు.. గెలిచినవాళ్లు ఆ తర్వాత ఏమయ్యారు? మన విశాఖ కుర్రాడి సంగతేంటి?

2024 మే 26, చెన్నై చెపాక్ స్టేడియం. ఐపీఎల్ ఫైనల్లో కోల్‌కతా చేతిలో సన్‌రైజర్స్ హైదరాబాద్ 8 వికెట్ల తేడాతో ఓడిపోయింది. ఆ రాత్రి తెలుగు అభిమానులకు మిగిలిన ఊరట ఒక్కటే.. విశాఖపట్నం కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డికి 'ఎమర్జింగ్ ప్లేయర్' అవార్డు. సరిగ్గా ఆ రోజే అతడికి 21 ఏళ్లు నిండాయి.

ఇంతకీ ఈ అవార్డు ఎవరికి ఇస్తారు? అందుకున్నవాళ్లంతా స్టార్లయ్యారా? ఓసారి చూద్దాం.

ఐసీసీ అవార్డు.. 2004 నుంచి

అంతర్జాతీయ క్రికెట్‌లో కొత్తగా వెలుగులోకి వచ్చిన ఆటగాళ్ల కోసం ఐసీసీ 2004లో ఈ అవార్డును మొదలుపెట్టింది. అప్పటి రూల్ ప్రకారం వయసు 26 లోపు ఉండాలి. లెక్కలోకి తీసుకునే ఏడాది మొదలయ్యేనాటికి 5 టెస్టులు, 10 వన్డేలకు మించి ఆడి ఉండకూడదు. తొలి విజేత మనవాడే.. ఇర్ఫాన్ పఠాన్. ఆ తర్వాత భారత పురుషుల్లో 2013లో చతేశ్వర్ పుజారా, 2018లో రిషభ్ పంత్‌ గెలిచారు. మహిళల విభాగంలో 2022లో పేసర్ రేణుకా సింగ్ అందుకుంది.

2024లో పురుషుల అవార్డు శ్రీలంక బ్యాటర్ కమిందు మెండిస్‌ది. ఆ ఏడాది అతడు కేవలం 13వ ఇన్నింగ్స్‌లోనే టెస్టుల్లో వెయ్యి పరుగులు దాటి బ్రాడ్‌మన్ సరసన నిలిచాడు.

ఐపీఎల్ రూల్స్ వేరు

ఐపీఎల్‌లో 25 ఏళ్ల లోపువారికే ఛాన్స్. సీజన్ మొదలయ్యేనాటికి 5 టెస్టులు, 20 వన్డేలు, 25 ఐపీఎల్ మ్యాచ్‌లు.. వీటికి మించి ఆడి ఉండకూడదు. ఇంకో ముఖ్యమైన షరతు.. ఒకసారి గెలిస్తే మళ్లీ ఇవ్వరు.

2009లో డెక్కన్ ఛార్జర్స్ తరఫున ఈ అవార్డు గెలిచింది రోహిత్ శర్మ. అతడి తల్లిది విశాఖే అన్న సంగతి తెలిసిందే. 2024 వరకు చూస్తే ఐసీసీ, ఐపీఎల్ అవార్డులు రెండూ అందుకున్నది ఇద్దరే. ఒకరు 2016లో సన్‌రైజర్స్ టైటిల్ గెలిచిన జట్టులోని బంగ్లాదేశ్ పేసర్ ముస్తాఫిజుర్ రెహమాన్. రెండోవాడు పంత్.

గెలిస్తే దశ తిరిగినట్టేనా?

అలా అని చెప్పలేం. 19 ఏళ్లకే ఐసీసీ అవార్డు అందుకున్న పఠాన్ చివరి టెస్టు ఆడింది 2008 ఏప్రిల్‌లో. అప్పటికి అతడి వయసు 23 ఏళ్లే! 2017లో ఐపీఎల్ అవార్డు గెలిచిన బాసిల్ థంపికి టీమిండియా క్యాప్ దక్కలేదు. 2022లో 22 వికెట్లతో అదరగొట్టిన ఉమ్రాన్ మాలిక్ మరుసటి ఏడాదే జట్టుకు దూరమయ్యాడు.

కారణం అంత కష్టమైనదేం కాదు. ఈ అవార్డు ఒక్క ఏడాది లెక్కలు చూసి ఇచ్చేది. మొదటి ఏడాది కొత్త కుర్రాడి ఆట ఎవరికీ తెలియదు. రెండో ఏడాదికి ప్రతి జట్టూ వీడియోలు ముందేసుకుని అతడి బలహీనత పట్టేస్తుంది. దానికి గాయాలు తోడైతే ఇంకంతే.

పడి లేచినవాళ్లూ ఉన్నారు. 2022 డిసెంబర్‌లో ఘోర కారు ప్రమాదం నుంచి బయటపడిన పంత్, తిరిగొచ్చాక తొలి హాఫ్ సెంచరీ కొట్టింది మన విశాఖ స్టేడియంలోనే. 2024 మార్చి 31న చెన్నైపై 32 బంతుల్లో 51 పరుగులు చేశాడు.

ఇక నితీశ్ మాటకొస్తే..

నితీశ్ తండ్రి ముత్యాలరెడ్డి కొడుకు ఆట కోసం హిందుస్థాన్ జింక్‌లో ఉద్యోగం వదిలేశారు. ఉక్కు నగరంలో కంపెనీ ఉద్యోగం అంటే ఇంటికి ఎంత భరోసానో ఇక్కడివాళ్లకు చెప్పక్కర్లేదు. 2017-18 విజయ్ మర్చంట్ ట్రోఫీలో 1,237 పరుగులు చేసిన నితీశ్, అండర్-16లో దేశంలోనే ఉత్తమ ఆటగాడిగా బీసీసీఐ అవార్డు అందుకున్నాడు. సన్‌రైజర్స్ 20 లక్షలకు తీసుకుంది. 2023లో ఆడింది రెండే మ్యాచ్‌లు. 2024లో 303 పరుగులు చేయడంతో తర్వాతి సీజన్‌కు 6 కోట్లు పెట్టి అట్టిపెట్టుకుంది.

2024 డిసెంబర్ 28న మెల్‌బోర్న్‌లో అయితే చరిత్రే. జట్టు 191 పరుగులకు 6 వికెట్లు పోగొట్టుకున్న దశలో క్రీజులోకి వచ్చాడు. వాషింగ్టన్ సుందర్‌తో 127 పరుగులు జోడించాడు. తాను 99 మీద ఉండగా బుమ్రా ఔట్. చివరి బ్యాటర్ సిరాజ్ కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. ఆ తర్వాత బోలాండ్ బంతిని బౌండరీకి పంపి నితీశ్ తొలి టెస్టు సెంచరీ పూర్తి చేశాడు. స్టాండ్స్‌లో తండ్రి కన్నీళ్లు పెట్టుకున్న దృశ్యం దేశమంతా చూసింది.

2025 మాత్రం కలిసిరాలేదు. జనవరిలో పక్కటెముకల దగ్గర కండరాల గాయం. ఐపీఎల్‌లో 13 మ్యాచ్‌లాడి 182 పరుగులే. జులైలో మోకాలి గాయంతో ఇంగ్లండ్ టూర్ మధ్యలోనే ఇంటిముఖం పట్టాడు. అంటే అవార్డు తర్వాత వచ్చే అసలు పరీక్ష మొదలైందన్నమాట. పఠాన్ దారా, పంత్ దారా అన్నది తేల్చేది ట్రోఫీ కాదు.. ఫిట్‌నెస్, ఓపిక. 'ఎమర్జింగ్' అన్న పేరు మళ్లీ రాదు. ఇకపై నితీశ్‌ను కొత్త కుర్రాడిగా ఎవరూ చూడరు.