కళ్ళు ఎర్రబడితే ఇంట్లో ఏం చేయాలి? డాక్టర్ దగ్గరకు ఎప్పుడు వెళ్ళాలి?

కండ్లకలకను ఉర్దూలో ‘ఆంఖ్ ఆనా’ అంటారు. కంటి తెల్లగుడ్డును, రెప్ప లోపలి వైపును కప్పి ఉండే పలుచని పొర వాచి ఎర్రబడటమే ఈ జబ్బు. చాలామందికి దానంతట అదే తగ్గిపోతుంది. అయితే ఎర్రబడిన ప్రతి కన్నూ కండ్లకలకే అనుకోవడం ప్రమాదం.

కారణాన్ని బట్టి లక్షణాలు

వైరస్ వల్ల వస్తే నీళ్ళు కారతాయి, రెండో కంటికీ పాకుతుంది. బ్యాక్టీరియా అయితే చిక్కటి పసుపు పుసి పడుతుంది, పొద్దున్నే రెప్పలు అతుక్కుపోతాయి. అలర్జీలో దురద ఎక్కువ, ఇది అంటుకోదు.

ఇంట్లో జాగ్రత్తలు

కాచి చల్లార్చిన నీళ్ళలో తడిపిన దూదితో పుసి తుడవాలి. ఒక్కో కంటికి వేరే దూది వాడాలి. మంటగా ఉంటే చల్లని తడిగుడ్డ వేయవచ్చు. వైరస్ వల్ల వచ్చినది సాధారణంగా 1-2 వారాల్లో తగ్గుతుంది, దానికి యాంటీబయాటిక్ పనిచేయదు.

వజూ తర్వాత ఇంటిల్లిపాదీ ఒకే తువ్వాలు వాడకూడదు. సుర్మా మానేయాలి. ఒకే సలాయి అందరూ వాడితే జబ్బు అంటుకుంటుంది. కొన్ని సుర్మాల్లో సీసం ఉంటుంది కాబట్టి పిల్లలకు అసలు పెట్టకూడదు. తేనె, గులాబ్ జల్, తల్లిపాలు కంట్లో వేయడం మంచిది కాదు.

రోజాలో ఉన్నామని మందు ఆపనక్కర్లేదు. కంటి చుక్కలతో రోజా భంగం కాదని 1997లో జెడ్డాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది.

స్టీరాయిడ్ చుక్కలతో జాగ్రత్త

మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే చుక్కల్లో స్టీరాయిడ్ ఉండవచ్చు. ఎరుపు త్వరగా తగ్గడంతో నయమైందనుకుంటారు. కానీ లోపల ఫంగస్ లేదా హెర్పిస్ పుండు ఉంటే అది ముదిరిపోతుంది. ఎక్కువ కాలం వాడితే గ్లకోమా, శుక్లాలు రావచ్చు. ఇంట్లో మిగిలిన పాత సీసా కూడా వాడకూడదు.

వెంటనే డాక్టర్‌కు చూపించాల్సినవి

- తీవ్రమైన నొప్పి, చూపు మసకబారడం
- వెలుతురు చూడలేకపోవడం
- నల్లగుడ్డు మీద తెల్లమచ్చ
- కాంటాక్ట్ లెన్స్ వాడేవారికి ఎరుపు రావడం (లెన్స్ వెంటనే తీసేయాలి)
- పొలంలో వరి ఆకు, గింజ లాంటివి కంట్లో తగలడం
- నెలలోపు పసికందుకు కళ్ళు ఎర్రబడటం, పుసి కట్టడం

సున్నం, యాసిడ్ పడితే ముందు కనీసం 15 నిమిషాలు ధారగా నీళ్ళతో కడిగి, ఆ తర్వాత ఆసుపత్రికి పరుగెత్తాలి. పై లక్షణాలేవీ లేకపోయినా వారంలో తగ్గుముఖం పట్టకపోతే డాక్టర్‌కు చూపించాలి. హైదరాబాద్ వాసులకు మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉంది.