ఆగే హక్కు: అబేబే బికిలా కథకు ఒక దిద్దుబాటు



పోయిన ఏడాది ఇక్కడే రాసిన ఒక పోస్టును ఈ వారం సరిదిద్దుకుంటున్నాను. అప్పుడు నేను మోకాలి నొప్పితో శిక్షణ సగంలో ఆగిపోయినా హైదరాబాద్‌లో మారథాన్ పూర్తి చేసి వచ్చిన ఊపులో ఉన్నాను. ఆ ఊపులో ఇథియోపియా పరుగువీరుడు అబేబే బికిలా కథ రాసి, చివర్లో "మనసుంటే గాయం అడ్డం కాదు" అని ఒక వాక్యం తగిలించాను. ఆ ఒక్క వాక్యాన్నే కత్తిరించి చాలామంది స్టేటస్‌గా పెట్టుకున్నారు. నాకూ బాగానే అనిపించింది.

రెండు నెలల కిందట ఆ వాక్యం మా కాలేజీ గ్రౌండ్‌లో నాకే ఎదురొచ్చింది.

మా డిగ్రీ కుర్రాడు ఒకడు, హాస్టల్లో ఉంటాడు, కానిస్టేబుల్ సెలక్షన్‌కి తయారవుతున్నాడు. 1600 మీటర్ల పరుగు గట్టెక్కాలి. తెల్లవారుజామున నేను వెళ్లేసరికి ఎప్పుడూ నాకంటే ముందే గ్రౌండ్‌లో ఉంటాడు. ఆ రోజు కుంటుతూ పరిగెత్తుతున్నాడు. ఆపి, కూర్చోబెట్టి చూశాను. మోకాలి కింద ముందెముక మీద ఒకే ఒక్క చోట వేలు ఆనించగానే అల్లాడిపోయాడు.

"ఎన్నాళ్ల నుంచిరా?"

"నెల దాటింది సార్."

"మరి ఆపలేదేం?"

"ఈవెంట్లు ఐదు వారాల్లో ఉన్నాయి సార్. అబేబేకి ఆపరేషన్ అయ్యాక కూడా ఇంచుమించు అంతే టైం ఉందని మీరే రాశారు కదా."

నాకు నోట మాట రాలేదు. పోస్టులో నేను రాసిన తేదీల్లో తప్పు లేదు. వాటి నుంచి తీసిన నీతిలో ఉంది. అందుకే ఆ కథ మళ్లీ మొదటి నుంచి చెప్పుకుందాం.

అబేబే బికిలా 1932లో ఇథియోపియాలోని ఒక పల్లెలో పుట్టాడు. పెద్దయ్యాక చక్రవర్తి హైలే సెలాసీ అంగరక్షక దళంలో సిపాయిగా చేరాడు. 1960 సెప్టెంబర్ 10న రోమ్ ఒలింపిక్స్ మారథాన్‌లో వట్టి కాళ్లతో పరిగెత్తి, 2 గంటల 15 నిమిషాల 16 సెకన్లలో ముగించి, ప్రపంచ రికార్డుతో బంగారు పతకం గెలిచాడు. ముస్సోలినీ సైన్యం 1935లో దండెత్తి ఆక్రమించిన దేశం ఇథియోపియా. ఆ సైన్యం 1937లో అక్సుమ్ నుంచి పెకిలించి తెచ్చిన రాతి స్తంభం అప్పటికింకా రోమ్ నడిబొడ్డునే ఉంది. దాని దగ్గరకు వచ్చాకే అబేబే తన పక్కన పరిగెడుతున్న మొరాకో ఆటగాడిని వదిలేసి ముందుకు దూకాడు. స్తంభాన్ని ఇటలీ తిరిగి పంపింది 2005లో. ఆ రోజు రోమ్ వీధుల్లో ఏం జరిగిందో మనలాంటివాళ్లకు విడమర్చి చెప్పక్కర్లేదు.

అయితే ప్రపంచం గుర్తుపెట్టుకున్నది స్తంభాన్ని కాదు, చెప్పుల్లేని కాళ్లను. రోమ్‌లో దొరికిన బూట్లు కాలికి సరిగ్గా కుదరలేదు, వట్టి కాళ్లతో పరిగెత్తడం అతనికి ముందే అలవాటు. అంతవరకే అసలు సంగతి. దాన్నొక నీతికథ చేసి మన నెత్తిన రుద్దారు: సౌకర్యాలు లేకపోయినా ప్రతిభ దానంతటదే పైకొస్తుందని. ఈ నీతిని మన పిల్లలు చిన్నప్పటి నుంచీ వింటున్నారు. హాస్టల్లో మంచాల్లేవు అంటే వీధిదీపం కింద చదువుకున్నవాళ్ల కథ చెబుతారు. స్కాలర్‌షిప్ రాలేదు అంటే చెప్పుల్లేని అబేబే కథ చెబుతారు. ఇంతకీ అదే అబేబే నాలుగేళ్ల తర్వాత టోక్యోలో బూట్లు వేసుకునే పరిగెత్తాడు, ఇంకా వేగంగా పరిగెత్తాడు. ఆ సగం ఎవరూ చెప్పరు.

ఇక గాయం సంగతి. టోక్యో మారథాన్ 1964 అక్టోబర్ 21న. సెప్టెంబర్‌లో, ఆడిస్ అబాబా దగ్గర డెబ్రె జెయిట్‌లో శిక్షణలో ఉండగా అబేబేకి కడుపునొప్పి వచ్చింది. అపెండిసైటిస్ అని తేల్చి వెంటనే ఆపరేషన్ చేశారు. పోటీకి ఆరు వారాలు కూడా లేవు. మారథాన్‌కి తయారయ్యేవాళ్లకు అవే అసలు వారాలు. ఆసుపత్రి ఆవరణలో రాత్రిపూట దొంగచాటుగా పరిగెత్తేవాడని ఒక కథ కూడా ప్రచారంలో ఉంది. అలా వచ్చి టోక్యోలో 2 గంటల 12 నిమిషాల 11 సెకన్లలో గెలిచాడు. మళ్లీ ప్రపంచ రికార్డు. రెండోవాడికీ అతనికీ మధ్య నాలుగు నిమిషాల పైన తేడా. గీత దాటాక కూలబడలేదు, స్టేడియం గడ్డి మీద నింపాదిగా కసరత్తులు చేసుకున్నాడు. ఒలింపిక్ మారథాన్ రెండుసార్లు గెలిచిన మొదటి మనిషి అతనే.

పోయినేడు ఇక్కడిదాకా రాసి, మనసుంటే మార్గముంటుందని ముగించాను. వదిలేసినవి ఇప్పుడు చెబుతాను.

ఒకటి, అబేబే ఆపరేషన్ బల్ల మీద పడుకున్నది ఏళ్ల తరబడి ఎత్తైన నేల మీద పరిగెత్తి తయారైన శరీరంతో. ఆడిస్ అబాబా సముద్రమట్టానికి 2,300 మీటర్ల పైన ఉంటుంది. అన్నేళ్ల సాధన రెండు మూడు వారాల పడకతో ఇంకిపోదు. రెండు, అపెండిసైటిస్ పరుగు వల్ల వచ్చిన గాయం కాదు. కోత మానితే కాళ్లు ఎప్పటిలాగే ఉంటాయి. మా కుర్రాడిది ఎముక నొప్పి. పరిగెత్తిన కొద్దీ పెరిగేది. రెండింటినీ ఒకే గాటన కట్టింది నేనే. మూడు, అబేబే జీతం అందుకునే సిపాయి. పక్కన ఓన్ని నిస్కానెన్ అనే స్వీడిష్ కోచ్ ఉన్నాడు. నొప్పి రాగానే చేర్చుకునే ఆసుపత్రి ఉంది. పడుకున్న రోజులకు ఇంట్లో పొయ్యి ఆగలేదు.

మనసు లేదనడం లేదు. ఆ మనసు ఆనుకోవడానికి ఒక గోడ ఉంది అంటున్నాను.

గోడ లేకపోతే ఏమవుతుందో చూడాలంటే ఎక్కడికో పోనక్కర్లేదు. అదే రోజు, అదే స్టేడియంలోకి అబేబే తర్వాత రెండోవాడిగా వచ్చినవాడు జపాన్ సిపాయి కోకిచి త్సుబురాయా. సొంత దేశం జనం కళ్లముందు, ఆఖరి చుట్టులో, ఇంగ్లండ్ ఆటగాడు బేసిల్ హీట్లీ అతన్ని దాటిపోయాడు. త్సుబురాయాకి కంచు పతకం వచ్చింది. ఆ ఒలింపిక్స్ అథ్లెటిక్స్‌లో జపాన్‌కి దక్కిన పతకం అదొక్కటే. అయినా ఓడిపోయినవాడిలాగే తలొంచుకున్నాడు. మెక్సికోలో బాకీ తీర్చుకోవాలని దేశం అనుకుంది, అతనూ అనుకున్నాడు. తర్వాత నడుము నొప్పి పట్టుకుంది, శిక్షణ చెదిరిపోయింది. ఒలింపిక్స్ అయ్యేదాకా పెళ్లి వద్దని సైన్యంలో పై అధికారి అడ్డం పడితే కుదిరిన సంబంధం తప్పిపోయింది. 1968 జనవరిలో, 27 ఏళ్ల వయసులో ఆత్మహత్య చేసుకున్నాడు. రాసిపెట్టిన ఉత్తరంలో ఇంట్లోవాళ్లు పెట్టిన తిండి పేరుపేరునా తలుచుకుని దండాలు పెట్టాడు. అలసిపోయానని, ఇక పరిగెత్తలేనని రాశాడు.

త్సుబురాయాకి సంకల్పం తక్కువైందని ఎవరైనా అనగలరా? గాయపడ్డ శరీరంతో ఆగడానికి అతనికి అనుమతి లేదు. "చాల్లే నాయనా, ఇంటికి రా" అని చెప్పే అధికారం ఉన్నవాడు ఒక్కడూ ఆ మాట అనలేదు.

అబేబే మాత్రం ఆగాడు. 1968 అక్టోబర్‌లో మెక్సికోలో మూడో బంగారం కోసం దిగి, కాలి గాయంతో దాదాపు 17 కిలోమీటర్ల దగ్గర పక్కకు తప్పుకున్నాడు. అతని దళంవాడే మామో వోల్డే ఆ పరుగు గెలిచాడు. అబేబే జీవితంలో నాకిప్పుడు ఎక్కువ గుర్తొచ్చేది ఆ 17వ కిలోమీటరే. మరుసటేడు కారు ప్రమాదంలో అతని నడక పోయింది. ఇంగ్లండ్‌లోని స్టోక్ మాండెవిల్ ఆసుపత్రికి పంపి వైద్యం చేయించారు. 1970లో అక్కడే చక్రాల కుర్చీలో కూర్చుని విలువిద్య పోటీల్లో పాల్గొన్నాడు. 1973లో, 41 ఏళ్లకే చనిపోయాడు. ఆ వైద్యం దక్కింది అతను అబేబే బికిలా కాబట్టి. మామూలు సిపాయికి కాలు పోతే ఇంగ్లండ్ దాకా ఎవరు పంపుతారు?

ఇప్పుడు నా లెక్క. పోయినేడు పదహారు వారాల శిక్షణలో ఏడు వారాలు మోకాలికి అర్పించాను. ఫిజియోథెరపీకి వెళ్లాను. మంచు ముక్కలు పెట్టుకుని కుర్చీలో కాళ్లు చాపి పాఠం చెప్పాను. నెల తిరిగేసరికి జీతం పడింది. చివరికి 42 కిలోమీటర్లలో ఆఖరి పన్నెండు నడిచి, ఐదు గంటల నలభై నిమిషాలకు గీత దాటాను. "మీ విల్ పవర్‌కి జోహార్ సార్" అని మీరు రాస్తే వద్దనలేదు. అందులో పవర్ ఎంత, నెల జీతం ఎంత అని నన్ను నేను అడగలేదు.

మా అమ్మ అడగక్కర్లేకుండానే తెలుసుకుంది. నాకు పదేళ్లప్పుడు వరికోతల్లో కొడవలి జారి ఆమె పాదం తెగింది. పసుపు అద్ది, పాత చీర ముక్క చుట్టుకుని మర్నాడు మళ్లీ మడిలో దిగింది. గుత్త కోత, మనిషి తగ్గితే ముఠా ఒప్పుకోదు, కూలి రాకపోతే మాకు గింజల్లేవు. ఆ పుండు బురదలో నాని నెలల తరబడి మానలేదు. ఇప్పటికీ ఆ పాదం పూర్తిగా ఆనించి నడవదు. గాయం తర్వాత పరిగెత్తినవాళ్ల చరిత్ర రాస్తే అందులో మొదటి పేరు ఆమెది. ఆమెకు స్టేడియం లేదు. ఆగే వీలూ లేదు.

ఈ ఆగే వీలును హక్కుగా మార్చడానికి మన దేశంలో జరిగిన ప్రయత్నంలో బాబాసాహెబ్ చెయ్యి ఉందని ఎంతమందికి తెలుసు? 1942 నుంచి 1946 దాకా అంబేడ్కర్ వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో కార్మిక సభ్యుడు. ఆయన చూసిన శాఖే 1943లో కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని బి.పి. అదార్కర్‌కి అప్పజెప్పింది. 1944లో నివేదిక వచ్చింది. దాని మీద నిలబడిందే 1948 నాటి ఈఎస్‌ఐ చట్టం. జబ్బు చేస్తే, దెబ్బ తగిలితే కార్మికుడు వైద్యం పొందుతూ కొంత డబ్బు అందుకుంటూ పడుకోవచ్చు. విశ్రాంతి జాలితో ఇచ్చేది కాదు, పనిలో భాగం అన్న ఆలోచన అది. ఫ్యాక్టరీలకూ సంస్థలకూ వర్తించే ఆ చట్టం పొలం గట్టు దగ్గరే ఆగిపోయింది. వరికోతకి వెళ్లే మనిషి పాదం తెగితే ఇవాళ్టికీ పసుపూ చీర ముక్కే.

చరిత్ర చదివే విద్యార్థులకు ఒక మాట. ఎవరైనా గాయాన్ని జయించారని చదివితే వెంటనే మూడు ప్రశ్నలు వేయండి. అది ఎలాంటి గాయం? పడుకున్న రోజులకు తిండి ఎవరు పెట్టారు? ఆగిపోతానంటే ఒప్పుకునేవాళ్లు ఉన్నారా? వీటికి జవాబు లేకుండా చెప్పే స్ఫూర్తి కథ చివరికి తిరిగేది మన పిల్లల కాళ్ల మీదికే.

మా కుర్రాణ్ని ఆసుపత్రికి తీసుకెళ్లాను. ఎముకలో సన్నటి చీలిక అన్నారు. కనీసం ఆరు వారాలు పరుగు మాట ఎత్తొద్దన్నారు. బయటికొచ్చాక చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత అడిగాడు: "మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడొస్తుందో మీకు తెలుసా సార్?" తెలియదన్నాను. "అప్పటికి నా వయసు దాటితే?" దానికీ నా దగ్గర జవాబు లేదు.

ఈవెంట్ల రోజు వాడు వెళ్లలేదు. హాస్టల్లోనే ఉన్నాడు. నేను వెళ్లి కూర్చున్నాను. నేను చెప్పింది మంచి సలహానో కాదో వచ్చే నోటిఫికేషన్ చెప్పాలి. కాలు మాత్రం మానుతోంది. పోయిన వారం నుంచి నెమ్మదిగా నడవడం మొదలుపెట్టాడు. గ్రౌండ్ చుట్టూ నాలుగు రౌండ్లు, అంతే. ఐదోది వేస్తానంటే నేను ఒప్పుకోవడం లేదు.

పోయినేటి పోస్టు తీసేయడం లేదు. దాని కింద ఇది ఉంటుంది. ఆ వాక్యం స్టేటస్‌లో పెట్టుకున్న మిత్రులు దయచేసి దీన్నీ పంచుకోండి. మీ హాస్టల్లో, మీ గ్రౌండ్‌లో నొప్పి దాచుకుని పరిగెడుతున్నవాళ్లు ఉంటారు. అడిగి చూడండి.

జై భీమ్.