మన బల్ల మీద ఇల్లందు బొగ్గు లైను



ఉగాదికి మన హాలులో మోడల్ రైలు పెడదామని అనుకున్నాం కదా. డోర్నకల్ నుంచి ఇల్లందుకు వెళ్లే బొగ్గు లైనునే ఎందుకు ఎంచుకున్నామో, దాన్ని బల్ల మీదికి ఎలా తెస్తున్నామో అందరికీ తెలియాలని ఇది రాస్తున్నాం.

భద్రాచలం రామయ్య దర్శనానికి పోయేవాళ్లు దారిలో వంటకు రాళ్లు పెడితే ఆ రాళ్లే అంటుకున్నాయని మన పెద్దలు చెప్పే కథ. 1871 ప్రాంతంలో భూగర్భ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లందు దగ్గర బొగ్గును గుర్తించాడు. పక్క ఊరు సింగరేణి పేరే గనులకు నిలిచింది. 1889లో తవ్వకం మొదలైంది. అదే కాలంలో నిజాం రైలు డోర్నకల్ మీదుగా అక్కడికి చేరింది. బెజవాడ దాకా దారి కలిసింది కూడా 1889లోనే. రైలు లేకపోతే ఆ బొగ్గు అడవిలోనే ఉండేది.

1929లో కాజీపేట-బల్లార్షా దారి పూర్తయింది. మన ఇళ్ల పెద్దలు చాలామంది బాయి పనికి చాందా, బల్లార్‌పూర్ వైపు వచ్చింది ఆ దారినే. అందుకే మోడల్‌కు 1930 నాటి కాలం తీసుకున్నాం. అంటే ఆవిరి ఇంజిన్, నాలుగు చక్రాల వ్యాగన్లు.

స్కేలు 87లో ఒక వంతు. ఈ లెక్కన ఒక్క కిలోమీటరుకే 11 మీటర్లకు పైగా బల్ల కావాలి. మన బల్ల పన్నెండు అడుగులు. కాబట్టి ఒక చివర డోర్నకల్, ఇంకో చివర ఇల్లందు, నడుమ కారేపల్లి ఒక్కటే. బజారులో దొరికే పట్టాల వెడల్పు 16.5 మిల్లీమీటర్లు. మన బ్రాడ్‌గేజ్‌కు లెక్క ప్రకారం 19 దాటాలి. దానికీ సర్దుకున్నాం.

నిండు వ్యాగన్లు డోర్నకల్‌కు రావాలి, ఖాళీవి ఇల్లందుకు పోవాలి. అందుకని బొగ్గు కుప్పలను విడిగా చెక్కతో చేసి నల్ల రంగు వేశాం. పిల్లలు ఇల్లందులో వాటిని వ్యాగన్లలో పెడతారు, డోర్నకల్‌లో తీస్తారు. వాళ్లు రెండు వేళ్లతో చేసే పనిని మన తాతలు తట్టా చెమ్మస్‌తో, నడుములు విరిగేలా చేశారు.

మొదటి నక్షాలో ఇంజిన్ షెడ్డు, నీళ్ల ట్యాంకు, దొరల బంగళా అన్నీ ఉన్నాయి. అది చూసిన ఒక పెద్దమ్మ, "మనోళ్ల ఇండ్లేవి బిడ్డా?" అని అడిగింది. మా దగ్గర జవాబు లేదు. దూరం తగ్గించాం, పట్టాల వెడల్పు తగ్గించాం, వాటికి లెక్క ఉంది. మనుషులను తగ్గించడానికి ఏ లెక్కా లేదు. అసలు అది మాకు గుర్తే రాలేదు.

నక్షా మళ్లీ గీశాం. ఒక సైడింగు తీసేసి ఆ చోట కూలి లైన్లు పెడుతున్నాం. ఆ ఇళ్ల గోడలు ఎలా ఉండేవో, పైన గడ్డి ఉండేదో పెంకు ఉండేదో, నీళ్లు ఎక్కడినుంచి తెచ్చుకునేవారో మీ ఇంటి పెద్దలను అడిగి చెప్పండి. పాత ఫొటో ఉంటే తీసుకురండి, చూసి తిరిగి ఇచ్చేస్తాం. ఇంజిన్లు కొనుక్కోవచ్చు, ఆ ఇళ్లు మాత్రం మనవాళ్లు చెబితేనే కట్టగలం.