బేస్ గిటార్ నెక్ ఎందుకు సన్నబడింది? మీ చేతికి ఏది సరిపోతుంది?

ముందు ఒక చిన్న పని చేయండి. ఇళయరాజా గారి పాట ఏదైనా ఫోన్ స్పీకర్‌లో వినండి. తర్వాత అదే పాట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. గొంతు కింద ఇంకో పాట నడుస్తున్నట్టు ఉంటుంది చూశారా, అందులో పెద్ద వాటా బేస్ గిటార్‌ది.

అది విన్నాక మనమూ ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని రికార్డ్ చేద్దాం అనిపిస్తుంది. తీరా షాపుకెళ్లి చేతిలోకి తీసుకుంటే "అమ్మో, ఇంత పొడవా! నా వేళ్లు అందవు" అనిపిస్తుంది. పక్కనున్న ఫ్రెండ్ "సన్న నెక్ ఉన్నది తీసుకో, సరిపోతుంది" అంటాడు. కానీ ఆ "సన్న" అనే ఒక్క మాటలో మూడు వేరు వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. అవి ఎక్కడ మొదలయ్యాయో చరిత్ర చూస్తే మన డబ్బులు, మన మణికట్టు రెండూ మిగులుతాయి.

1951కి వెళ్దాం. అమెరికా, కాలిఫోర్నియాలోని ఫుల్లర్టన్. అప్పట్లో బ్యాండుల్లో బేస్ అంటే డబుల్ బేస్. మనిషంత ఎత్తు, తీగ పొడవు సుమారు 41, 42 అంగుళాలు. మోసుకెళ్లడం కష్టం, పక్కన డ్రమ్స్ మోగితే అసలు వినపడదు. పైగా ఫ్రెట్లు ఉండవు కాబట్టి వేలు కాస్త జరిగితే శ్రుతి పోతుంది. లియో ఫెండర్ అనే ఆయన దీనికి పరిష్కారం వెతికాడు. ఆయన గిటార్ వాయించేవాడు కాదు, రేడియోలు రిపేర్ చేసిన మనిషి. తీగ పొడవు 34 అంగుళాలకు తగ్గించి, ఫ్రెట్లు పెట్టి, కరెంటుతో మోగేలా చేశాడు. ఫ్రెట్ల వల్ల స్వరం కచ్చితంగా పడుతుంది కాబట్టి పేరు ప్రెసిషన్ బేస్.

ఇక్కడ ఒకటి గమనించండి. ఈ వాయిద్యం వచ్చిందే వాయించేవాళ్ల కష్టం తగ్గించడానికి. కాబట్టి "నాకు సౌకర్యంగా ఉన్నది కావాలి" అనడంలో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.

ఇప్పుడు మొదటి విషయం, వెడల్పు. నెక్ పైచివర తీగలు ఆనే చిన్న పట్టీని నట్ అంటారు. ప్రెసిషన్ బేస్‌లో అది మొదట్లో 44 మిల్లీమీటర్లకు కాస్త పైనే ఉండేది. 1960లో అదే కంపెనీ జాజ్ బేస్ తెచ్చింది. దాని నట్ సుమారు 38 మిల్లీమీటర్లు. తీగలు దగ్గరగా వచ్చాయి, ఒక తీగ మీద నుంచి ఇంకో తీగకు వేలు తొందరగా వెళ్తుంది. జాకో పాస్టోరియస్ చేతిలో మోగింది 1962 నాటి జాజ్ బేసే, ఫ్రెట్లు తీసేసినది.

రెండో విషయం, పొడవు. అసలు తికమక అంతా ఇక్కడే. నట్ సన్నగా ఉన్నంత మాత్రాన ఫ్రెట్ల మధ్య దూరం తగ్గదు. ఇంజనీరింగ్ చదివిన పాపానికి లెక్క వేసి చెప్తున్నా: 34 అంగుళాల బేస్‌లో మొదటి ఫ్రెట్ నుంచి నాలుగో ఫ్రెట్‌కి దాదాపు 13 సెంటీమీటర్లు. 30 అంగుళాల దాంట్లో 11.4. అంటే ఒకటిన్నర సెంటీమీటర్ తేడా. చిటికెన వేలికి అది చాలా ఎక్కువ. ఈ షార్ట్ స్కేల్ కొత్తదేం కాదు. జర్మనీ కంపెనీ హాఫ్నర్ 1956లోనే వయొలిన్ ఆకారంలో తేలికైన బేస్ తెచ్చింది. 1961లో హాంబర్గ్‌లో పాల్ మెకార్ట్‌నీ కొన్నది అదే. బీటిల్స్ పాటలు ఎన్నో దాని మీదే రికార్డయ్యాయి. ఫెండర్ కూడా 1966లో 30 అంగుళాల మస్టాంగ్ బేస్ తెచ్చింది. ఒక చిక్కు ఏంటంటే, పొట్టి స్కేల్‌లో అన్నిటికంటే లావు తీగ కాస్త వదులుగా ఉంటుంది, సౌండ్ గుండ్రంగా, మెత్తగా వస్తుంది.

మూడోది మందం, అంటే అరచేతిలో నెక్ ఎంత లావుగా తగులుతుంది అన్నది. 1987లో ఐబనేజ్ ఎస్సార్ సిరీస్ పలచని నెక్, తేలికైన బాడీతో వచ్చింది. సన్న నెక్ అనగానే ఇవాళ చాలామంది చెప్పే పేరు ఇదే.

మరి వెడల్పు నెక్ చెడ్డదా? కానే కాదు. డెట్రాయిట్‌లో మోటౌన్ పాటలకు ప్రాణం పోసిన జేమ్స్ జేమర్సన్ వాయించింది 1962 ప్రెసిషన్. ఆయన డబుల్ బేస్ నుంచి వచ్చినవాడు, ఆ చేతికి అది చిన్నదే! ఇంకో విషయం, అక్కడ బేస్‌ని యాంప్లిఫయర్ ముందు మైక్ పెట్టి కాకుండా నేరుగా కన్సోల్‌కి కలిపి రికార్డ్ చేసేవాళ్లు. ఇంట్లో ఇవాళ మనం ఆడియో ఇంటర్‌ఫేస్‌కి కేబుల్ పెట్టి చేసేది ఆ పనే. ఇన్‌పుట్‌ని ఇన్‌స్ట్రుమెంట్ మోడ్‌లో పెట్టడం మాత్రం మరవద్దు. ఇలా నేరుగా వెళ్లినప్పుడు వేలు సరిగ్గా నొక్కకపోతే వచ్చే బర్రుమనే చప్పుడు కూడా రికార్డవుతుంది. పదో టేక్‌కి చెయ్యి అలసిపోతే ఆ అలసట పాటలో వినిపిస్తుంది. అందుకే ఇంటి రికార్డింగ్‌కి సౌకర్యం అంటే విలాసం కాదు, అవసరం.

షాపులో ఇలా చేయండి. నిలబడి కాదు, ఇంట్లో ఎలా కూర్చుంటారో అలా కూర్చోండి. నాలుగు వేళ్లు మొదటి నాలుగు ఫ్రెట్ల మీద పెట్టి పది నిమిషాలు వాయించండి. వేళ్లు సాగి నొప్పి వస్తే పొడవు తగ్గించండి. తీగ నుంచి తీగకు వెళ్లడం కష్టమైతే నట్ వెడల్పు చూడండి. బొటనవేలు మొదట్లో పట్టేస్తుంటే పలచని నెక్ పట్టుకుని చూడండి. ఏ నొప్పికి ఏ మందో తెలిస్తే, పేరు చూసి కాదు, చెయ్యి చూసి కొంటారు.

మీ చేతికి ఏది కుదిరిందో కామెంట్లలో చెప్పండి.