ఆల్సా (లినక్స్ శబ్ద వ్యవస్థ)

ఆల్సా అనునది లినక్స్ కెర్నలులో శబ్దమునకు సంబంధించిన భాగము. దీని పూర్తి పేరు అడ్వాన్స్‌డ్ లినక్స్ సౌండ్ ఆర్కిటెక్చర్. కంప్యూటరులోని సౌండు కార్డును గుర్తించుట, పాటను స్పీకరుకు పంపుట, మైకు నుండి మాటను గ్రహించుట, ధ్వని స్థాయిని మార్చుట దీని ముఖ్యమైన పనులు. ఆండ్రాయిడ్ ఫోనులు కూడా లినక్స్ కెర్నలుపైననే పనిచేయుచున్నందున వాటిలోను శబ్దమునకు అడుగున ఉన్నది ఆల్సాయే.

ఆల్సాతో పాటు కమాండు లైనులో వాడుటకు కొన్ని చిన్న ప్రోగ్రాములు లభిస్తాయి. తెరపై బొమ్మల మెనూలు లేని కంప్యూటరులో కూడా వీటితో శబ్దమును అమర్చుకొనవచ్చును. శబ్దము రానప్పుడు లోపము ఎక్కడ ఉన్నదో తెలిసికొనుటకు కూడా ఇవే ఆధారము. చాలా సందర్భములలో ఇందుకు ఇంటర్నెట్ అవసరము లేదు.

చరిత్ర

లినక్స్‌లో మొదట వాడుకలో ఉన్నది ఓఎస్ఎస్ (ఓపెన్ సౌండ్ సిస్టమ్). దీనిని ఫిన్లాండుకు చెందిన హన్ను సవోలైనెన్ 1992లో ప్రారంభించాడు. పలు సౌండు కార్డులతో దీనిని వాడునపుడు ఒక ప్రోగ్రాము పాడుచుండగా మరొక ప్రోగ్రాముకు అవకాశము దొరికేది కాదు. చెక్ దేశస్థుడైన యరోస్లావ్ కిసెలా గ్రావిస్ అల్ట్రాసౌండ్ అను కార్డు కొరకు వ్రాసిన డ్రైవరు క్రమముగా పెరిగి ఆల్సాగా రూపొందినది. ఇది 2002లో కెర్నలు 2.5 శ్రేణిలో చేరినది. 2003 డిసెంబరులో విడుదలైన 2.6 కెర్నలుతో ఓఎస్ఎస్ స్థానమును ఆక్రమించినది.

ఆల్సాపై పొరగా పనిచేయు శబ్ద సర్వర్లు తరువాత వచ్చినవి. 2004లో లెన్నర్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పల్స్‌ఆడియో 2007లో ఫెడోరా 8తో విస్తృత వాడుకలోకి వచ్చినది. విమ్ టేమన్స్ రూపొందించిన పైప్‌వైర్ 2021లో ఫెడోరా 34లోను, 2022 అక్టోబరులో ఉబుంటు 22.10లోను దాని స్థానములోకి వచ్చినది. సర్వరు ఏదైనను అడుగున సౌండు కార్డుతో మాట్లాడునది ఆల్సాయే.

పనిచేయు విధానము

ఒక పాట ఫైలు నుండి చెవి వరకు చేరుటకు ఐదు మజిలీలు ఉన్నవి. అవి: పాడించు ప్రోగ్రాము, శబ్ద సర్వరు, ఆల్సా డ్రైవరు, కార్డులోని మిక్సరు, చివరకు స్పీకరు. వీటిలో ఏ ఒక్కటి ఆగినను ఫలితము ఒకటే, నిశ్శబ్దము. మిక్సరులో ధ్వని మూసి ఉన్నపుడు కంప్యూటరు ఎట్టి దోషమును చూపదు. పాట నడచుచున్నట్లే తెరపై కనబడును. కావున ఊహపై ఆధారపడక, అడుగు నుండి పైకి ఒక్కొక్క మజిలీని విడిగా పరీక్షించుట సరైన పద్ధతి.

ఈ వ్యాసములో ఆదేశములు ఉచ్చారణ ప్రకారము తెలుగు లిపిలో ఇవ్వబడినవి. కంప్యూటరులో వాటిని ఆంగ్ల అక్షరములలో టైపు చేయవలెను. ఏప్లే, ఏరికార్డ్, ఏమిక్సర్ అను పేర్లలో మొదటి అక్షరము ఆల్సాను సూచించు ఆంగ్ల "ఏ". మిగిలినది ప్లే, రికార్డ్, మిక్సర్ అను మామూలు ఆంగ్ల పదము. వేరుగా చెప్పని చోట అన్నియు చిన్న అక్షరములే. ఈ ప్రోగ్రాములు చాలా పంపిణీలలో ఆల్సా-యుటిల్స్ అను ప్యాకేజీలో ఉంటాయి.

కార్డును గుర్తించుట

"ఏప్లే -ఎల్" అను ఆదేశము శబ్దమును వినిపించగల కార్డుల జాబితాను చూపును. "ఏరికార్డ్ -ఎల్" శబ్దమును గ్రహించగల కార్డులను చూపును. ప్రతి కార్డుకు 0 నుండి మొదలగు సంఖ్య, దానిలోని ప్రతి డివైసుకు మరొక సంఖ్య ఉంటాయి. కార్డు 1, డివైసు 0 అయినచో దాని చిరునామా "హెచ్‌డబ్ల్యూ:1,0" అగును.

జాబితా ఖాళీగా ఉన్నచో లోపము డ్రైవరు వద్ద ఉన్నది. అప్పుడు "ఎల్ఎస్‌పీసీఐ" ఆదేశముతో కార్డు కంప్యూటరుకు కనబడుచున్నదో లేదో చూడవలెను. "ఎల్ఎస్‌మాడ్" ఆదేశముతో డ్రైవరు లోడు అయినదో లేదో తెలియును. 2004లో ఇంటెల్ ప్రవేశపెట్టిన హెచ్‌డీ ఆడియో పద్ధతిని అనుసరించు కంప్యూటర్లలో డ్రైవరు పేరు సాధారణముగా "ఎస్ఎన్‌డీ_హెచ్‌డీఏ_ఇంటెల్" అని ఉండును. "డీమెసేజ్" అని పలుకు ఆదేశము (టైపు చేయునపుడు డి, ఎం, ఇ, ఎస్, జి) కెర్నలు సందేశములను చూపును. కొన్ని పంపిణీలలో దీనికి ముందు "సూడో" చేర్చవలెను.

డిజిటల్ మైకులు గల పలు కొత్త ఇంటెల్ ల్యాప్‌టాపులకు డ్రైవరు ఒక్కటే చాలదు, సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అను అదనపు ఫైళ్ళు కూడా కావలెను. అవి లేనపుడు డీమెసేజ్ సందేశములలో ఫర్మ్‌వేర్ దొరకలేదని కనబడును. డెబియన్‌లో ఈ ప్యాకేజీ పేరు ఫర్మ్‌వేర్-ఎస్ఓఎఫ్-సైన్డ్. 2023 జూనులో విడుదలైన డెబియన్ 12 నుండి ఇట్టి ఫర్మ్‌వేర్ స్థాపక డిస్కుతోనే వచ్చుచున్నది. అంతకుముందు దీనిని విడిగా తెచ్చుకొనవలసి వచ్చెడిది.

మిక్సరు

కార్డు కనబడినను శబ్దము రానిచో తరువాత చూడవలసినది మిక్సరు. "ఆల్సామిక్సర్" అని టైపు చేసినచో టెర్మినల్‌లోనే నిలువు పట్టీలు కనబడును. వాడవలసిన మీటలు ఇవి:

* ఎఫ్6: కార్డును ఎంచుకొనుటకు
* ఎఫ్3, ఎఫ్4: వినిపించు, గ్రహించు నియంత్రణలను వరుసగా చూచుటకు
* పైకి, క్రిందికి బాణములు: స్థాయిని మార్చుటకు
* ఎం: మూయుటకు, తెరచుటకు
* స్పేస్ బార్: ఎఫ్4 చూపులో మైకును ఆన్ చేయుటకు

పట్టీ క్రింద రెండు "ఎం"లు ఉన్నచో ఆ దారి మూసి ఉన్నట్లు. రెండు సున్నాలు ఉన్నచో తెరచి ఉన్నట్లు. సున్నాలను చూచి ధ్వని స్థాయి సున్నా అని భ్రమపడరాదు. మాస్టర్ అను పట్టీ తెరచి ఉన్నను స్పీకర్ లేక హెడ్‌ఫోన్ పట్టీ మూసి ఉండవచ్చును కావున అన్నిటిని చూడవలెను. ఆటో-మ్యూట్ మోడ్ అను నియంత్రణ ఉన్న కంప్యూటర్లలో హెడ్‌ఫోన్ పెట్టగానే స్పీకరు ఆగిపోవును. హెడ్‌ఫోన్ గుంట పాడైనచో ఏమియు పెట్టకున్నను స్పీకరు మూగబోవచ్చును. అప్పుడు ఈ నియంత్రణను డిసేబుల్డ్ చేసి చూడవలెను.

ఇదే పనిని ఒక్క వాక్యముతో చేయుటకు "ఏమిక్సర్ -సి 0 ఎస్‌సెట్ మాస్టర్ 70% అన్‌మ్యూట్" అను ఆదేశము ఉన్నది. ఇందులో మాస్టర్ పదము మొదటి అక్షరము పెద్దది. మార్పులు మరుసటి సారికి నిలువవలెనన్నచో "సూడో ఆల్సాసీటీఎల్ స్టోర్" అని ఇవ్వవలెను.

స్పీకరు పరీక్ష

"స్పీకర్-టెస్ట్ -సి 2 -టి వావ్" అను ఆదేశము ఎడమ, కుడి స్పీకర్లలో మార్చి మార్చి మాటను వినిపించును. కంట్రోల్, సి మీటలను కలిపి నొక్కినచో ఆగును. ఒక నిర్దిష్ట కార్డును పరీక్షించుటకు పెద్ద అక్షరము "-డి" తరువాత "ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ:1,0" వంటి చిరునామా చేర్చవలెను. "హెచ్‌డబ్ల్యూ" అని ఇచ్చినచో కార్డు స్వయముగా అంగీకరించు రూపములే చెల్లును. "ప్లగ్‌హెచ్‌డబ్ల్యూ" అని ఇచ్చినచో ఆల్సా అవసరమైన మార్పిడి చేయును.

ఇక్కడ శబ్దము వినబడి, పాటల ప్రోగ్రాములో వినబడనిచో లోపము ఆల్సాలో లేదు. శబ్ద సర్వరు వేరొక కార్డును ఎంచుకొని ఉండవచ్చును. తెరకు శబ్దమును పంపు హెచ్‌డీఎంఐ దారిని ఎంచుకొని, స్పీకరును వదలివేయుట తరచుగా జరుగును. పైప్‌వైర్ గల కంప్యూటరులో "డబ్ల్యూపీసీటీఎల్ స్టేటస్" అను ఆదేశము ఎంపికైన దారి ప్రక్కన నక్షత్రపు గుర్తును చూపును. "డబ్ల్యూపీసీటీఎల్ సెట్-డిఫాల్ట్" తరువాత కావలసిన దారి సంఖ్యను ఇచ్చి దానిని మార్చవచ్చును.

పరికరము వేరొకరి వాడుకలో ఉన్నదను దోష సందేశము వచ్చినచో "ఫ్యూజర్ -వి" ఆదేశమునకు శబ్ద పరికరముల ఫైళ్ళ పేర్లను (/డెవ్/ఎస్ఎన్‌డీ/*) చేర్చి, ఏ ప్రోగ్రాము దానిని పట్టుకొని ఉన్నదో చూడవచ్చును.

రికార్డింగు

మైకు నుండి రికార్డు చేయుటకు "ఏరికార్డ్" వాడుదురు. దీనిలో ఒక ముఖ్యమైన ప్రమాదము ఉన్నది. ఏ వివరమును ఇవ్వనిచో ఇది సెకనుకు 8,000 నమూనాలు, నమూనాకు 8 బిట్లు చొప్పున మాత్రమే గ్రహించును. ఆ పద్ధతిలో 4,000 హెర్ట్జులకు పైనున్న ధ్వని నిలువదు. "స"కారపు బలము చాలవరకు అంతకు పైననే ఉండును గనుక స, శ, ష, ఫ వంటి ధ్వనుల భేదము మసకబారును. ఒకసారి పోయిన ఈ భాగమును తరువాత ఏ ప్రోగ్రాముతోను తిరిగి తేలేము.

భాషా సేకరణ చేయువారికి ఇది చిన్న విషయము కాదు. జూలూరుపాడు మండలమున్న భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలో (2016 అక్టోబరు 11కు ముందు ఖమ్మం జిల్లా) తెలుగుతో పాటు కోయ, లంబాడీ భాషలు మాట్లాడువారు ఉన్నారు. ఈ భాషల పాటలు, కథలు ఎక్కువగా నోటి మాటగానే నిలిచినవి. ఒక వృద్ధుని పాటను రెండవసారి రికార్డు చేయు అవకాశము ఎల్లపుడు ఉండదు. అందుచేత వివరములను ముందుగానే ఇవ్వవలెను: "ఏరికార్డ్ -ఎఫ్ ఎస్16_ఎల్ఈ -ఆర్ 48000 -సి 1 -వి మోనో పాట.వావ్". ఇందులో "ఎస్16_ఎల్ఈ" అక్షరములు, "-వి" పెద్దవి. "-వి మోనో" వలన ధ్వని స్థాయి తెరపై కదలుచు కనబడును. అది నూటికి తగులుచున్నచో ధ్వని చీలిపోవును. అప్పుడు ఎఫ్4 చూపులో స్థాయిని తగ్గించవలెను.

ఈ అమరికలో ఒక నిమిషమునకు సుమారు 5.8 మెగాబైట్లు, గంటకు సుమారు 346 మెగాబైట్లు స్థలము కావలెను. అసలు రికార్డింగుకు ముందు "-డి 5" (చిన్న అక్షరము) చేర్చి ఐదు సెకనులు మాత్రమే గ్రహించి, "ఏప్లే"తో విని చూచుట మంచిది. సన్నని హోరు వినబడినచో ల్యాప్‌టాపు ఛార్జరును తీసి బ్యాటరీపై మరల ప్రయత్నించవలెను. భారతదేశములో విద్యుత్ సరఫరా 50 హెర్ట్జులది కావున ఆ హోరు సాధారణముగా 50 లేక 100 హెర్ట్జుల వద్ద ఉండును.

తెలుగు పలుకు, దృష్టి లోపము గలవారు

చూపు లేనివారికి కంప్యూటరు శబ్దము తెరతో సమానము. గ్నోమ్ డెస్క్‌టాపులోని ఓర్కా అను ప్రోగ్రాము తెరపై ఉన్నదానిని చదివి వినిపించును. ఇందుకు పలుకును తయారు చేయు ప్రోగ్రాములలో ఈస్పీక్ ఒకటి. జోనథన్ డడింగ్టన్ రూపొందించిన దీనికి 2015లో ఈస్పీక్-ఎన్‌జీ అను కొత్త శాఖ ఏర్పడినది. ఇందులో తెలుగు ఉన్నది. "ఈస్పీక్-ఎన్‌జీ -వి టీఈ" (అన్నియు చిన్న అక్షరములే) అని టైపు చేసి, తరువాత కొటేషను గుర్తులలో జూలూరుపాడు అని తెలుగు లిపిలో వ్రాసినచో ఆ పేరును పలుకును. స్వరము యాంత్రికముగా ఉన్నను ప్రోగ్రాము చిన్నది, పాత కంప్యూటర్లలోను నడచును, ఇంటర్నెట్ అడుగదు.

ఇట్టి కంప్యూటరులో శబ్దము ఆగినచో లోపమును చెప్పవలసిన గొంతే ఆగిపోవును. తెరను చూడకనే టైపు చేయగల "ఏమిక్సర్" ఆదేశము అప్పుడు అక్కరకు వచ్చును. కావున దీనిని ఒక చిన్న స్క్రిప్టుగా వ్రాసి, ఒక మీటల జతకు ముడిపెట్టి ఉంచుకొనవచ్చును. రెండవ దారిగా యూఎస్‌బీ సౌండు కార్డును దగ్గర ఉంచుకొనుట ఉపయోగకరము. వీటిలో చాలా వరకు ఉమ్మడి ప్రమాణమును పాటించును గనుక వేరే డ్రైవరు అవసరము లేకయే పనిచేయును. ముందుగా ఎస్ఎస్‌హెచ్ అమర్చి ఉన్నచో మరొక కంప్యూటరు లేక ఫోను నుండి లోపలికి ప్రవేశించి కూడా సరిచేయవచ్చును.

పరిమితులు

మిక్సరు పట్టీల పేర్లు కార్డును బట్టి మారును. ఒక కంప్యూటరుకు పనిచేసిన ఆదేశము మరొకదానికి పనిచేయకపోవచ్చును. ముందుగా "ఏమిక్సర్ ఎస్‌కంట్రోల్స్" ఆదేశముతో ఆ కార్డులోని పేర్లను చూచుకొనవలెను. తెగిన తీగను, పాడైన స్పీకరును ఆల్సా గుర్తించలేదు. హెడ్‌ఫోనులో వినబడి స్పీకరులో వినబడక, మిక్సరు పట్టీలన్నియు తెరచి, ఆటో-మ్యూట్ ఆపి ఉన్నచో స్పీకరును గాని, దాని తీగను గాని అనుమానించవలెను. ఇతరుల సహాయము కోరునపుడు "ఆల్సా-ఇన్ఫో --నో-అప్‌లోడ్" ఆదేశము కార్డు, డ్రైవరు, మిక్సరు వివరములన్నిటిని ఒకే ఫైలులో చేర్చి కంప్యూటరులోనే ఉంచును. దానిని చదివి చూచుకొనిన తరువాతనే ఇతరులకు పంపవచ్చును.