బోరుకొచ్చిన జీపు



మన పడమటి ప్రాంతంలో పెద్దవాళ్ళ నోట జీపు అనే మాట వస్తే దాని ముందు ఏదో ఒక ఆఫీసు పేరు ఉంటుంది. బ్లాకు జీపు, ఫారెస్టు జీపు, మలేరియా జీపు. 1952 అక్టోబరు 2న దేశంలో సమాజ వికాస పథకం మొదలయ్యాక బ్లాకులు వచ్చాయి, వాటితో జీపులూ వచ్చాయి. అప్పటికి మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. ప్రకాశం జిల్లా 1970లో గానీ పుట్టలేదు. దోర్నాల అడవి దారుల్లో, గుండ్లకమ్మ ఇసుకలో, అర్ధవీడు వైపు రాళ్ళ బాటల్లో దిగబడకుండా తిరిగే మోటారు బండి ఆ రోజుల్లో దాదాపు అదొక్కటే. ఆఫీసులు వేలం వేశాక అవే బండ్లు రైతుల చేతికి, బాడుగ తోలేవాళ్ళ చేతికి వచ్చాయి. ఎన్నికలొస్తే వాటికే మైకు కట్టేవాళ్ళు.

యుద్ధం కోసం హడావిడిగా తయారైన బండి మన పల్లెల్లో ఇన్ని దశాబ్దాలు ఎలా బతికింది? గట్టిది కాబట్టి అని అందరూ అంటారు. మాకు ఆ జవాబు సగమే అనిపిస్తుంది. అరిగిపోతుందని ముందే తెలిసి, అరిగినప్పుడు ఏం చేయాలో కూడా ఆలోచించి చేశారు కాబట్టి బతికింది.

ఆ ఇంజన్ పుట్టుకే ఒక మరమ్మతు. అమెరికాలో విల్లీస్ కంపెనీ 1920లలో విప్పెట్ అనే చిన్న కారు అమ్మేది. దాని నాలుగు సిలిండర్ల ఇంజనే తర్వాత జీపుకు మూలం. 1938లో బార్నీ రూస్ అనే ఇంజనీరు ఆ కంపెనీలో చేరేటప్పటికి అది 48 గుర్రపు శక్తి ఇచ్చేది, ఎక్కువ వేగంలో తట్టుకునేది కాదు. రూస్ పాత ఇంజన్‌ను పారేయలేదు. పిస్టన్లు మార్చాడు, బేరింగులు బలపరిచాడు, గాలి పెట్రోలు వెళ్ళే దారి సరిచేశాడు, భాగాల మధ్య సందులు బిగించాడు. బోరు మూడుంపావు అంగుళానికి కొంచెం తక్కువ, స్ట్రోకు నాలుగుంపావు దాటి. ఆ కొలతలు అలాగే ఉంచి 60 గుర్రపు శక్తి రాబట్టాడు. సైన్యం బండి బరువుకు హద్దు పెట్టినప్పుడు కూడా ఇంజన్‌ను వదులుకోకుండా మిగతా బండిలో బరువు తగ్గించుకుంటూ వచ్చాడు. చివరికి యుద్ధం ముగిసేసరికి విల్లీస్, ఫోర్డ్ కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు కట్టాయి, అన్నిటిలో అదే ఇంజన్. దాని ముద్దుపేరు గో డెవిల్. పేరు మనకు నచ్చకపోవచ్చు, పని మాత్రం నమ్మకమైనది.

మన దేశానికి దాన్ని తెచ్చింది మహీంద్రా సోదరులు. 1945లో లూథియానాలో మహీంద్రా అండ్ మహ్మద్ అనే పేరుతో ఉక్కు వ్యాపారం మొదలైంది. భాగస్వామి గులాం మహ్మద్ విభజన తర్వాత పాకిస్తాన్ మొదటి ఆర్థిక మంత్రి అయ్యాడు, ఇక్కడ 1948లో కంపెనీ పేరు మహీంద్రా అండ్ మహీంద్రాగా మారింది. 1949లో బొంబాయి మజగావ్‌లో విడిభాగాలు తెప్పించి జీపులు బిగించారు. తర్వాత వచ్చిన సీజే-3బి మోడలే మనవాళ్ళు ఎక్కువగా చూసినది. దాని ఇంజన్ హరికేన్. అదే బోరు, అదే స్ట్రోకు. కానీ గాలి లోపలికి తీసుకునే వాల్వులను బ్లాకులోంచి హెడ్డులోకి ఎత్తారు. ఇంజన్ ఎత్తు పెరిగింది, దాన్ని కప్పడానికి బానెట్ ఎత్తు కూడా పెంచారు. ఆ పొడుగు మొహం అందుకే.

ఇక మన నేల ఆ ఇంజన్‌ను ఏం చేసిందో చూద్దాం. మొదటి శత్రువు దుమ్ము. మార్కాపురం పలకల గనుల దుమ్ము కళ్ళకు కనబడనంత మెత్తన, ఇనుముకు ఆకురాయంత గరుకు. జీపు ఎయిర్ క్లీనర్ గిన్నెలో ఆయిల్ ఉంటుంది, దుమ్ము అందులో చిక్కుకోవాలి. ఆ ఆయిల్ మార్చకపోతే దుమ్మంతా సిలిండర్లోకే. రెండోది నీళ్ళు. మన బోర్ల నీళ్ళు మన పళ్ళను, ఎముకలను ఏం చేశాయో చెప్పక్కర్లేదు. ఆ గట్టి నీళ్ళే రేడియేటర్లో పోస్తే బ్లాకు లోపల కాయగిన్నెకు పట్టినట్టు సున్నం పేరుకుంటుంది, వేడి బయటికి పోదు. పైగా ఫస్టు గేరులో, మోయలేనంత జనంతో ఘాటు ఎక్కించడం.

అప్పుడు సిలిండరు గోడ అరుగుతుంది, అదీ సమానంగా కాదు. మంట మండే పైభాగంలో ఎక్కువ, కింద తక్కువ. గుండ్రంగా ఉండాల్సిన రంధ్రం కోడిగుడ్డు ఆకారానికి వస్తుంది. నీలం పొగ వస్తుంది, ఆయిల్ తాగుతుంది, పొద్దున్నే హ్యాండిల్ తిప్పితే చేతికి బరువు తగలదు. మెకానిక్ ఒక్క మాటలో చెబుతాడు: బండి బోరుకొచ్చింది.

చేతిలో డబ్బు లేనివాళ్ళు రింగులు మాత్రం మార్చేవారు. అరిగిన గోడ పైఅంచున అరగకుండా మిగిలిన చిన్న గట్టు ఉంటుంది. కొత్త రింగు పోయి ఆ గట్టుకు కొట్టుకుంటుంది, ఒక్కోసారి విరుగుతుంది. కొన్నాళ్ళకే పొగ తిరిగి వచ్చేది. అసలు పని వేరు. ఇంజన్ దించి, క్రాంకు తీసి, ఖాళీ బ్లాకును పెద్ద లేత్ షాపు ఉన్న ఊరికి మోసుకెళ్ళాలి. అక్కడ బోరింగు మిషను మీద నాలుగు సిలిండర్లనూ కొంచెం పెద్దవి చేసి మళ్ళీ గుండ్రంగా కోస్తారు. ఎంత పెద్దవి అంటే అంగుళంలో వెయ్యోవంతుల లెక్క: ఇరవై, ముప్పై, నలభై. ఆ సైజు పిస్టన్లను కంపెనీయే తయారుచేసి అమ్మేది. మేము ముందు చెప్పింది ఇదే. బండి కొత్తగా షోరూము దాటేనాటికే, మూడుసార్లు అరిగాక కావలసిన పిస్టన్ల కొలతలు పుస్తకంలో అచ్చయి ఉన్నాయి. గోడలో కోతకు సరిపడా ఇనుము ముందే వదిలారు.

కోసిన గోడను అద్దంలా నున్నగా వదలరు. హోనింగు రాయితో అడ్డంగా ఏటవాలుగా సన్నని గీతలు పెడతారు. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. నున్నని గోడ మీద ఆయిల్ నిలవదు, రింగు కుదురుకోదు. క్రాంకుది తిరగబడిన లెక్క. దాన్ని గ్రైండింగు చేస్తే సన్నబడుతుంది, కాబట్టి బేరింగులు మందమైనవి వేయాలి. ఆ తర్వాత వాల్వులను సీట్లలో నూరి కూర్చోబెట్టడం, రింగు సందు కొలవడం, అన్నీ బిగించాక మొదటి కొన్ని వందల కిలోమీటర్లు బరువెక్కించకుండా తోలడం. మన డ్రైవర్లకు అన్నిటికంటే కష్టమైంది ఆ చివరిదే.

నెహెమ్యా గ్రంథం 4వ అధ్యాయంలో సన్బల్లటు వెక్కిరించింది దేన్నో మీకు గుర్తుండే ఉంటుంది: చెత్తకుప్పల్లో పడి ఉన్న కాలిన రాళ్ళను. గోడ మాత్రం 52 దినాల్లో లేచింది. ఇంజన్ పనిలో ఇంకొక సంగతి ఉంది. బాగుచేసిన ప్రతిసారీ బ్లాకు కొంత ఇనుము కోల్పోతుంది, మళ్ళీ పాత కొలతకు రాదు. అయినా నీటి పంపు దగ్గర కొట్టిన నంబరు అలాగే ఉంటుంది, ఆర్సీలో ఉన్నదీ అదే. నలభై కూడా దాటితే గోడ పల్చబడుతుంది. అప్పుడు లోపల స్లీవు దించి, మళ్ళీ మొదటి సైజు పిస్టన్ వేస్తారు.

1970లలో పెట్రోలు ధర పెరిగాక ఈ పని తగ్గిపోయింది. మహీంద్రావాళ్ళే డీజిల్ జీపులు తెచ్చారు. పాత బండ్లవాళ్ళు కూడా పెట్రోలు ఇంజన్ దించేసి ట్రాక్టరు రకం డీజిల్ ఇంజన్ ఎక్కించారు, దించిన బ్లాకు తూకానికి పోయింది. వాళ్ళను తప్పుపట్టం. బాడుగ మీద ఇల్లు గడవాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్ళు దాటిన ప్రభుత్వ వాహనాల రిజిస్ట్రేషన్ రద్దయింది, కాబట్టి ఆఫీసుల వెనక తుప్పు పడుతున్నవీ వేలానికి కాక తుక్కుకే వెళ్తున్నాయి. రైతుల పెరళ్ళలో, చింతచెట్ల కింద ఉన్నవే ఇక మిగిలినవి.

మీలో ఎవరి ఇంట్లోనైనా అలాంటి బ్లాకు ఉంటే తూకానికి వేసే ముందు ఒక్కసారి హెడ్డు విప్పించి చూడండి. పిస్టన్ తల మీద అంకె కొట్టి ఉంటుంది. అది 20 అయితే ఆ గోడలో ఇంకా రెండు కోతలు మిగిలి ఉన్నాయి. 40 అయితే లేత్ షాపులో స్లీవు గురించి అడగండి. అంకే లేకపోతే దాన్ని ఇంతవరకు ఎవరూ బోరు చేయించలేదన్నమాట, లేదా స్లీవు దించి మళ్ళీ మొదటి సైజు పిస్టన్ వేశారన్నమాట.